కళ్ళకు కట్టడమా, కనికట్టా?

మన తెలుగులో ఒక చిత్రమైన పలుకుబడుల జంట ఉన్నది. జరిగినదానిని జరిగినట్టుగా వర్ణించి ఎదుటివాని మనస్సుకు చూపగలిగితే "కళ్ళకు కట్టినట్టు చెప్పాడు" అని మెచ్చుకుంటాము. లేనిదానిని ఉన్నట్టుగా చూపి భ్రమింపజేస్తే "కనికట్టు చేశాడు" అంటాము. రెండింటిలోనూ ఉన్నవి ఆ కన్నే, ఆ కట్టడమే. మొదటిది కవికి దక్కే మెప్పు, రెండవది గారడీవానికి దక్కే పేరు. ఈ రెంటికీ నడుమ ఉన్న గీత ఎంత సన్ననిదో కావ్యపాఠం చెప్పిన ప్రతి ఉపాధ్యాయునికీ తెలుసు.

శాస్త్రజ్ఞులు విజువలైజేషన్ అనే మాటను, మనం దృశ్యీకరణ అని అనువదించుకొని సరిపెట్టుకున్నాము. అంకెల రాశిని బొమ్మగా మార్చి కంటికి చూపడమే దాని అర్థం. ఒకచోట కూర్చున్న ఒక్క మనిషి కాక, భూగోళం మీద అనేక చోట్ల ఉన్న వందలమంది తమ తమ కంప్యూటర్లను కలుపుకొని ఒకే బొమ్మను తయారుచేస్తే, ఆ బొమ్మ కళ్ళకు కట్టడమా, కనికట్టా అని ఎట్లా తేల్చుకోవాలి? ఈ ప్రశ్నకు ఇటీవలి శాస్త్రచరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. భౌతికశాస్త్రం నా వృత్తి కాదు. బడిలో పద్యాలు చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. అయినా ఈ కథలో నాకు బాగా పరిచయమైన విద్య ఒకటి కనబడింది. అందుకే ఈ టపా.

కథ 1979లో మొదలుపెట్టడం న్యాయం. కృష్ణబిలం అంటే తన దగ్గరకు వచ్చిన వెలుతురును సైతం తిరిగి పోనివ్వనిది. అటువంటిదానికి రూపమేమిటి? దాని చుట్టూ తిరిగే వేడి వాయువు వెలుగుతుంది గదా, ఆ వెలుగు వంగి వంగి మన కంటికి చేరితే ఎట్లా కనబడుతుంది? ఫ్రాన్సులోని మ్యూడాన్ వేధశాలలో ఉన్న జాన్-పియేర్ ల్యూమినే అనే యువశాస్త్రజ్ఞుడు ఈ లెక్కను ఐబీఎం 7040 అనే యంత్రానికి చిల్లులు పొడిచిన కార్డుల ద్వారా అందించాడు. యంత్రం అంకెలు ఇచ్చింది గాని బొమ్మ ఇవ్వలేదు. అప్పుడాయన కలం పట్టి, ఏ చోట కాంతి ఎక్కువో ఆ చోట నల్లసిరా చుక్కలను దట్టంగా, తక్కువైన చోట పలుచగా పెట్టుకుంటూ పోయాడు. ఆ కాగితాన్ని ఫొటో నెగటివుగా తిప్పితే నలుపు తెలుపైంది, తెలుపు నలుపైంది. ఒక పక్క ఎక్కువగా మెరిసే వెలుగుపట్టీ, మధ్యలో నల్లని గుండ్రటి ఖాళీ. లెక్క ప్రకారం వేసిన కృష్ణబిలం బొమ్మల్లో అది తొలినాటిది. ఒక్క మనిషి, ఒక్క యంత్రం, ఒక్క సిరాబుడ్డి.

అయితే యంత్రాలు ఇచ్చే అంకెలు సిరాచుక్కలతో తీరేవి కావని త్వరలోనే తేలిపోయింది. 1987లో బ్రూస్ మెకార్మిక్, టామ్ డిఫాంటి, మాక్సిన్ బ్రౌన్ అనే ముగ్గురు (ఈ బ్రౌన్ మన కడప బ్రౌను దొరకు చుట్టం కాదు) అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానం ఆధ్వర్యంలో ఒక నివేదిక వెలువరించారు. సూపర్ కంప్యూటర్లు కుమ్మరించే అంకెల వరదను మనిషి చదివి అర్థం చేసుకోవడం అసాధ్యము, దానిని చూడగలగాలి, చూస్తూ మార్చగలగాలి, దూరాన ఉన్నవారితో కలిసి చూడగలగాలి అన్నది దాని సారాంశం. శాస్త్రీయ దృశ్యీకరణ ఒక ప్రత్యేక విద్యగా నిలబడడానికి ఈ నివేదికే పునాది అంటారు.

ఆ తరువాత 1992లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు ఒక గదిని నిర్మించారు. కరోలీనా క్రూజ్-నైరా, డేనియల్ శాండిన్, పైన చెప్పిన డిఫాంటి దాని కర్తలు. గోడల మీదా, నేల మీదా బొమ్మలు పడతాయి. ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టుకొని లోపల నిలుచుంటే బొమ్మ నడుమ మనమున్నట్టే ఉంటుంది. దానికి కేవ్, అనగా గుహ, అని పేరు పెట్టారు. ఆ పేరులో ప్లేటో చెప్పిన గుహ మెదులుతున్నది. ఆ గుహలోని బందీలు గోడ మీది నీడలనే లోకమనుకుంటారు. నిర్మాతలే తమ గదికి అటువంటి పేరు పెట్టడంలో ఒక వినయం, ఒక హెచ్చరిక రెండూ ఉన్నాయని నాకు తోస్తుంది.

1995 డిసెంబరులో శాన్ డియేగో నగరంలో జరిగిన సూపర్ కంప్యూటింగ్ మహాసభలో ఈ పాయలన్నీ ఒకచోట కలిశాయి. అక్కడ ఐ-వే అనే ప్రయోగం జరిగింది. ఉత్తర అమెరికాలోని 17 చోట్ల ఉన్న సూపర్ కంప్యూటర్లను, దృశ్యీకరణ గదులను వేగమైన తంతులతో కలిపి, సుమారు 60 బృందాలు తమ లెక్కలను ఒకచోట చేసి మరొకచోట చూపించాయి. నక్షత్రవీథులు ఒకదానినొకటి ఢీకొనే లెక్కను వేర్వేరు జాతుల యంత్రాల నడుమ పంచి చేయడం వాటిలో ఒకటి. తేలికైన పని కాదది. ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తాళం, ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క భాష. ఆర్గోన్ ప్రయోగశాలకు చెందిన ఇయాన్ ఫాస్టర్ బృందం, ప్రతిచోటా ఒకే తీరైన ద్వారపాలక యంత్రాన్ని నిలిపి ఈ చిక్కును విడదీసింది. అక్కడ నేర్చిన పాఠాలతోనే ఆయనా, కార్ల్ కెసెల్‌మన్ కలిసి గ్లోబస్ అనే సాఫ్టువేరును పెంచారు. గ్రిడ్ కంప్యూటింగ్ అనే మాట లోకానికి పరిచయమైంది. మీట నొక్కితే ఎక్కడి విద్యుత్తో మన ఇంట్లో వెలిగినట్టు, ఎక్కడి కంప్యూటరు శక్తి అయినా మన బల్ల మీదికి రావాలన్నది ఆ మాటలోని ఆశ.

ఇక అసలు కథ. మన కన్యారాశి దిక్కున, 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, ఎం87 అనే పెద్ద నక్షత్రవీథి ఉన్నది. దాని నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం 650 కోట్ల సూర్యుల బరువు. ఇంత పెద్దదైనా, ఇంత దూరాన ఉన్నందున ఆకాశంలో అది కనబడవలసిన కొలత అత్యల్పం. దాని వెలుగు వలయాన్ని మన భూమి నుండి చూడడమంటే, చంద్రుని మీద పెట్టిన బత్తాయి పండును ఇక్కడినుండి చూడడంతో సమానం. అంత సూక్ష్మంగా చూడాలంటే భూగోళమంత వెడల్పు గల టెలిస్కోపు కావాలి. అటువంటిదానిని కట్టలేరు గనుక, భూమి మీద దూరదూరాన ఉన్న రేడియో టెలిస్కోపులను ఒకే కాలంలో ఒకే దిక్కుకు తిప్పి, అవి విన్నదానిని తరువాత కలుపుతారు. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు అన్నది ఈ కూటమి పేరు. దానికి షెప్ డోలెమన్ వ్యవస్థాపక సంచాలకుడు. కృష్ణబిలపు నీడను ఈ విధంగా చూడవచ్చునని 2000 సంవత్సరంలో హైనో ఫాల్కె, ఇంకా ఇద్దరు సహచరులు లెక్కకట్టి ఆశ పుట్టించారు.

2017 ఏప్రిల్‌లో 6 చోట్ల ఉన్న 8 టెలిస్కోపులు ఈ పనికి కూడాయి. చిలీ దేశపు ఎడారిలో రెండు, హవాయి ద్వీపపు కొండ మీద రెండు, స్పెయిన్, మెక్సికో, అమెరికాలోని అరిజోనా, దక్షిణ ధ్రువం - ఒక్కొక్కటి. దక్షిణ ధ్రువం నుండి ఎం87 కనబడదు. అక్కడి టెలిస్కోపు ఇతర లక్ష్యాలకూ, కొలతలు సరిచూసుకోవడానికీ తోడ్పడింది. ప్రతిచోటా ఒక హైడ్రోజన్ గడియారం ఉన్నది. అది కోట్ల సంవత్సరాలకు గాని ఒక్క సెకను తప్పనంతటి నిక్కచ్చితనం గలది. వచ్చిన ప్రతి తరంగాన్నీ ఆ గడియారపు ముద్రతో సహా హార్డ్ డిస్కుల మీద నింపారు. నాలుగువేల మీటర్లకు పైబడిన ఎత్తుల్లో గాలి పలుచన గనుక మామూలు డిస్కులు పనిచేయవు. హీలియం నింపి మూసినవి వాడవలసి వచ్చింది.

చేరిన సమాచారం దాదాపు 5 పెటాబైట్లు, అనగా 50 లక్షల గిగాబైట్లు. ఆనాడు ఐ-వే నాటి కాలంలో గొప్పగా చెప్పుకున్న 155 మెగాబిట్ల తంతి మీద దీనిని పంపితే ఎనిమిదేళ్ళకు పైగా పడుతుంది! అందుచేత ఇంత ఆధునిక యుగంలోనూ వారు చేసినదేమిటంటే, ఆ డిస్కులను పెట్టెలలో సర్ది విమానం ఎక్కించారు. వాటి బరువు అరటన్ను. సగం పని అమెరికాలోని హేస్టాక్ వేధశాలకు, సగం జర్మనీలోని బాన్ నగరపు మాక్స్ ప్లాంక్ సంస్థకు పంచారు. దక్షిణ ధ్రువానికి చలికాలంలో విమానాలు నడవవు. కాబట్టి ఏప్రిల్‌లో నింపిన ఆ డిస్కులు మంచులోనే నెలల తరబడి కాపలా ఉండి, 2017 డిసెంబరులో గాని గమ్యం చేరలేదు. రెండుచోట్లా కంప్యూటర్ల సముదాయాలు ప్రతి రెండు టెలిస్కోపుల నమోదులనూ జతచేసి, తరంగానికి తరంగం సరిపోల్చి, గుట్టలను పిడికెడు చేశాయి.

నేను ముందు చెప్పిన పరిచయమైన విద్య ఇక్కడే ఎదురయింది.

ప్రతి టెలిస్కోపుల జతా బొమ్మలోని ఒక్క అంశను మాత్రమే చెబుతుంది. భూమి తిరుగుతున్నకొద్దీ మరికొన్ని అంశలు దొరుకుతాయి. అయినా జతలు కొద్ది గనుక, దొరికినదానికన్న దొరకనిదే ఎక్కువ. చెదలు తిన్న తాళపత్రం వంటిదది. ఇక్కడ నాలుగక్షరాలు, అక్కడ రెండు, నడుమ చిల్లులు. మిగిలిన అక్షరాలకు సరిపోయే పద్యాలు లెక్కకు ఎన్నయినా అల్లవచ్చును. అందులో అసలు కవి రాసినది ఏది?

పండితుడు దీనికి ఉపాయం ఎరుగును. పద్యం ఉత్పలమాల అని తెలిస్తే పాదానికి 20 అక్షరాలు, గణాలు భ ర న భ భ ర వ. రెండవ అక్షరం పోతే తక్కిన పాదాల ప్రాసను చూసి హల్లు చెప్పవచ్చును. పదవ అక్షరం పోతే యతిమైత్రి దారి చూపుతుంది. ఛందస్సు మనకు పద్యాన్ని ఇవ్వదు, పద్యం కానివాటిని తోసివేస్తుంది. ఈ బొమ్మ కట్టిన గణితజ్ఞులు చేసినదీ అదే. వెలుగు ఎక్కడా సున్నకన్న తక్కువ ఉండరాదు, పక్కపక్క చుక్కలు అకారణంగా ఎగుడుదిగుడు కారాదు, అవసరం లేనిచోట వెలుగు వెదజల్లరాదు - ఇటువంటి నియమాలు పెట్టి, దొరికిన అంశలకు సరిపోయే బొమ్మలలో నియమం తప్పినవాటిని పక్కకు నెట్టారు. ఇది ఒక మార్గం. హోగ్‌బోమ్ 1974లో చూపిన మరొక పాత మార్గమున్నది. అందులో వెలుగు చుక్కలను ఒక్కొక్కటిగా ఏరి తీసి, ఆ చుక్కలతోనే బొమ్మను తిరిగి పేర్చుతారు.

ప్రతులను పోల్చే సూత్రం కూడ ఒకటి వారికున్నది. ఒక్కొక్క టెలిస్కోపు మీది గాలి, తేమ దాని నమోదును ఒక్కొక్క రీతిగా చెడగొడతాయి. కాని మూడు టెలిస్కోపులను ముక్కోణంగా తీసుకొని వాటి మూడు జతల తరంగస్థితులనూ కలిపితే, ఏ ఒక్కదాని సొంత దోషమైనా కొట్టివేసుకొని పోతుంది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రోజర్ జెన్నిసన్ 1958లోనే చెప్పిన కిటుకు ఇది. లేఖకుని చేతివాటం ఒక్క ప్రతిని చూస్తే తెలియదు, మూడు ప్రతులు పక్కన పెట్టుకుంటేనే బయటపడుతుంది. ప్రతులు పరిష్కరించినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఉపాయం ఉన్నచోటే అపాయమూ ఉన్నది. ప్రతిభ గల పండితుడు చిల్లుపడిన పద్యం చేతికొస్తే ఊరుకోడు. ఛందస్సు తప్పకుండా, యతిప్రాసలు చెడకుండా, తనదైన పదాన్ని అందులో కూర్చి పెడతాడు. అది ఎంత అందంగా ఉంటే అంత ప్రమాదం. తరువాతివారు దానినే కవిపాఠమనుకొని వ్యాఖ్యానాలు రాస్తారు. కృష్ణబిలం ఎట్లా ఉంటుందో ల్యూమినే నాటినుండి అందరి మనస్సులలోనూ ఒక బొమ్మ ఉన్నది. వలయం కనబడాలన్న కోరిక ఉన్నది. ఏళ్ళ శ్రమ, ప్రభుత్వాల ధనం, కీర్తికాంక్ష ఉన్నాయి. కోరుకున్నదానినే చూసి, దానినే లోకానికి చూపితే? అది వంచన కాకపోవచ్చును, కాని కనికట్టే అవుతుంది. ముందుగా తమకు తామే చేసుకున్న కనికట్టు.

ఈ భయం వారికి ఉన్నది గనుకనే 2018లో ఒక కట్టుబాటు చేసుకున్నారు. బొమ్మ కట్టేవారిని నాలుగు బృందాలుగా విడదీశారు. వేర్వేరు ఖండాలలో ఉన్న ఆ బృందాలకు ఒకే సమాచారమిచ్చి, ఏడు వారాలపాటు ఒకరితో ఒకరు మాట్లాడరాదన్నారు. రెండు బృందాలు నియమాల మార్గాన్ని, రెండు బృందాలు పాత చుక్కల మార్గాన్ని పట్టాయి. మన సామెత "నలుగురితో నారాయణా" అంటుంది. పక్కవాడు ఏమంటే అదే అనడం మనిషి స్వభావం. ఆ స్వభావానికి తావు లేకుండా నలుగురినీ నాలుగు గదులలో కూర్చోబెట్టి పరీక్ష రాయించారన్నమాట. కలిసి పనిచేయడంలో విడిగా ఉండడం కూడ ఒక భాగమని నాకు ఈ ఘట్టం నేర్పింది.

జూలై చివర అందరూ అమెరికాలోని కేంబ్రిడ్జిలో చేరి తమ బొమ్మలను పక్కపక్కన పెట్టారు. నాలుగూ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు లేవు. కాని నాలుగింటిలోనూ వలయమున్నది, నడుమ చీకటి ఉన్నది, దక్షిణపు అంచు ఎక్కువ వెలుగుతున్నది. వలయపు కొలత దాదాపు ఒకటే.

అంతటితో చాలించి ఉంటే నేను ఇంత రాయను. వారు ఆ తరువాత చేసినది బడిపంతుళ్ళకు మరింత నచ్చుతుంది. నేను తరగతిలో ఒక పద్యాన్ని నల్లబల్ల మీద రాసి, అక్కడక్కడ అక్షరాలు చెరిపి, పిల్లలచేత పూరింపజేసేవాణ్ణి. సరైన పాఠం నా దగ్గర ఉండేది గనుక ఎవరి పద్ధతి మంచిదో తేలేది. వారూ అదే చేశారు. వలయం, నెలవంక, నిండు బిళ్ళ, జంట చుక్కలు - ఇట్లా నాలుగు రకాల ఉత్తుత్తి ఆకారాలను కంప్యూటరులో కల్పించి, నిజంగా ఆ టెలిస్కోపులతో చూస్తే ఎంత చిల్లుపడిన సమాచారం వస్తుందో అంతే వచ్చేటట్టు చెరిపి, తమ సాఫ్టువేర్ల చేతికిచ్చారు. మూడు సాఫ్టువేర్లు, వాటి అమరికలను మార్చి మార్చి దాదాపు 50 వేల విధాలు. బిళ్ళను ఇస్తే బిళ్ళనే, జంట చుక్కలను ఇస్తే జంట చుక్కలనే తిరిగి ఇచ్చిన అమరికలను మాత్రమే నిలుపుకున్నారు. ఏమి ఇచ్చినా వలయమే చూపే అమరిక పరీక్ష తప్పినట్టే. అట్లా నెగ్గినవాటికే అసలు సమాచారాన్ని ఇచ్చారు. అవీ వలయమే చూపాయి. మరొక పక్క, సాపేక్ష సిద్ధాంతం ప్రకారం వాయువు ఎట్లా సుడులు తిరుగుతుందో సూపర్ కంప్యూటర్లపై లెక్కించి 60 వేలకు పైగా ఊహాచిత్రాల గ్రంథాలయాన్నే కట్టి, కనబడినదానితో పోల్చారు.

2019 ఏప్రిల్ 10న బ్రసెల్స్, శాంటియాగో, షాంఘై, తైపే, టోక్యో, వాషింగ్టన్ నగరాలలో ఒకే సమయాన ఆ బొమ్మను విడుదల చేశారు. నారింజ వన్నె వలయం, నడుమ చీకటి. ఆ వన్నె మనిషి పూసినదే. రేడియో తరంగాలకు కంటికి కనబడే రంగు లేదు. హవాయి విశ్వవిద్యాలయంలో భాషాచార్యుడైన ల్యారీ కిమురా, తమ ప్రాచీన సృష్టిగీతమైన కుములిపో నుండి పదాలు తీసి పోవెహి అని దానికి పేరు కూర్చారు. ఇంత యంత్రాంగం చివర ఒక భాషోపాధ్యాయునికి పని పడిందని చదివి నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

ఆ వారంలోనే మరొక ముచ్చట జరిగింది, అంత సంతోషకరమైనది కాదు. బొమ్మ మొదటిసారి తెరపై రూపుకడుతుండగా ఆనందాశ్చర్యాలతో చూస్తున్న కేటీ బౌమన్ అనే యువశాస్త్రవేత్త ఫొటో లోకమంతా పాకింది. ఒక్కరోజులో లోకం ఆమెను ఆ బొమ్మకు ఏకైక కర్తగా చేసింది. మర్నాటికల్లా మరికొందరు బయలుదేరి, ఆమె ఏమీ చేయలేదు, ఆండ్రూ చేల్ అనే ఆమె సహచరుడే అంతా రాశాడని దూషణలకు దిగారు. ఆమె మొదటినుండీ ఇది పెద్ద బృందం పని అనే చెప్పింది. ఆ చేల్ కూడ వెంటనే ముందుకు వచ్చి, తన పేరు అడ్డుపెట్టుకొని ఆమెను నిందించడం తగదనీ, ఆ సాఫ్టువేరు ఒక్క తన సృష్టి కాదనీ గట్టిగా చెప్పాడు. ఆమె పాత ప్రసంగాన్ని ఈ నిందకులు విని ఉంటే బాగుండేది. 2016లోనే ఆమె ఒక వేదిక మీద, తమ పద్ధతికి కృష్ణబిలపు ఊహాచిత్రాల ముక్కలిచ్చినా, మామూలు రోజువారీ ఫొటోల ముక్కలిచ్చినా ఫలితం ఒకేలా వస్తేనే దానిని నమ్మవచ్చునని విప్పి చెప్పింది. తన ఊహను తానే అనుమానించుకున్న మనిషి ఆమె.

లోకానికి ఒక్క కర్త కావాలి. మనమూ అంతే. కడపలో బ్రౌను దొర దేశం నలుమూలల నుండి తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. దొర పేరు మనకు ప్రాతఃస్మరణీయం, అది న్యాయమే. జూలూరి అప్పయ్య వంటి ఒకరిద్దరి పేర్లు పండితులకైనా గుర్తున్నాయి. తక్కిన లేఖకుల పేర్లు ఎందరికి తెలుసు? ఈ కృష్ణబిలపు బొమ్మ విషయంలో ఒక మంచి జరిగింది. 2020 సంవత్సరపు బ్రేక్‌త్రూ బహుమతిని, 30 లక్షల డాలర్లను, పత్రాల మీద పేరున్న 347 మందికీ సమానంగా పంచారు. తలకు ఎనిమిదిన్నర వేల డాలర్ల పైచిలుకు. సొమ్ము కొద్దిదే కావచ్చును. 347 పేర్లు కర్తలుగా నిలబడడం పెద్దది.

ఆక్షేపణలు రాలేదా అంటే వచ్చాయి. 2022లో జపానుకు చెందిన మకోతో మియోషి, ఇద్దరు సహచరులు అదే సమాచారాన్ని తమ పద్ధతిలో తిరిగి పరిష్కరించి, వలయం కనబడడం లేదనీ, అది చిల్లుల అమరిక వల్ల పుట్టిన భ్రమ అనీ వాదించారు. కూటమివారు ఆ పద్ధతిలో దోషాలున్నాయని జవాబిచ్చారు. ఇక్కడ గమనించవలసినది గెలుపోటములు కాదు. ఆక్షేపించినవారి చేతికి సమాచారం ఎక్కడిది? కూటమివారే ఇచ్చారు. బొమ్మతోపాటు శుద్ధిచేసిన అంకెలనూ, వాడిన సాఫ్టువేర్లనూ, అమరికలనూ 2019లోనే బహిరంగపరిచారు. ఎవరైనా సరే తమ ఇంటి కంప్యూటరులో ఆ బొమ్మను తిరిగి కట్టి చూసుకోవచ్చును.

2022 మే 12న రెండవ బొమ్మ వచ్చింది, మన పాలవెల్లి నడుమ ఉన్న కృష్ణబిలానిది. ఇది సుమారు 40 లక్షల సూర్యుల బరువు, అనగా మొదటిదానికన్న వేయిరెట్లకు పైగా చిన్నది. చిన్నది గనుక దాని చుట్టూ వాయువు నిమిషాలలోనే చుట్టి వస్తుంది; రాత్రంతా చూసేలోపల బొమ్మ మారిపోతూనే ఉంటుంది. నిలకడగా ఉండని పిల్లవాణ్ణి ఫొటో తీయడం వంటి చిక్కు. దీనికి కావలసిన లెక్కలలో కొంత టెక్సాస్‌లోని ఫ్రాంటెరా సూపర్ కంప్యూటరు మీద, కొంత ఓపెన్ సైన్స్ గ్రిడ్ మీద నడిచాయి. ఈ రెండవది అనేక విశ్వవిద్యాలయాలు తమ యంత్రాల కాలాన్ని ఉమ్మడిగా పెట్టుకున్న ఏర్పాటు. 1995లో శాన్ డియేగోలో కన్న కల అక్కరకు వచ్చిందన్నమాట.

ఆ రెండవ బొమ్మలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అడుగున ఉన్న నాలుగు చిన్న బొమ్మలు. వేలకొద్దీ పునర్నిర్మాణాలను వాటి పోలికలనుబట్టి నాలుగు గుంపులు చేశారు. మూడు గుంపులలో వలయమున్నది, వెలుగు ముద్దలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. నాలుగవది చిన్న గుంపు, అందులో వలయం స్పష్టంగా లేదు. దానిని దాచలేదు. ఏ గుంపు ఎంత పెద్దదో గీతలు గీసి చూపి మరీ ప్రచురించారు. మంచి పరిష్కర్త తనకు నచ్చిన పాఠాన్ని పైన ముద్రించి, నచ్చని పాఠాంతరాన్ని అథస్సూచికలో ఇస్తాడు. పాఠకుడు తనను కాదనడానికి కావలసిన సామగ్రిని తానే పాఠకుని చేతికిస్తాడు. పాండిత్యానికి నాకు తెలిసిన అత్యున్నత మర్యాద అదే.

2024 జనవరిలో మరొక పత్రం వెలువడింది. ఎం87ను 2018లో తిరిగి చూసిన సమాచారమది. గ్రీన్‌లాండులో కొత్తగా పెట్టిన టెలిస్కోపు కూడ ఈసారి కలిసింది. వలయపు కొలత మారలేదు. ఎక్కువ వెలిగే భాగం మాత్రం సుమారు 30 డిగ్రీలు జరిగింది. వలయపు పరిమాణం కృష్ణబిలపు బరువునుబట్టి ఉంటుంది గనుక ఏడాదిలో మారరాదు, సుడులు తిరిగే వాయువు వెలుగు మారాలి. మారరానిది మారలేదు, మారవలసినది మారింది. కొత్త ప్రతి దొరికి, పాత పరిష్కర్త ఊహించి పూరించిన అక్షరమే అందులోనూ కనబడితే కలిగే ఆనందం ఎటువంటిదో ప్రతులతో కాలం గడిపినవారికే తెలుసు.

భారతంలో సంజయుడు ఒక్కడే చూశాడు. వ్యాసుడు ఇచ్చిన చూపు అతనిది, సాటి మరొకరికి లేదు. ధృతరాష్ట్రుడు అతనిని నమ్మడం తప్ప చేయగలిగినది లేదు. సంజయుడు సత్యవంతుడు గనుక ఆ కథ చెల్లింది. మన కాలంలో దివ్యదృష్టి ఎవరికీ లేదు. ఉన్నవన్నీ చిల్లుపడిన చూపులే, ప్రతివాని కంటిలోనూ ఏదో ఒక కోరిక మసక. అటువంటి చూపులను కొన్ని వందలు పోగుచేసి, ఒకదాని దోషాన్ని ఇంకొకదానితో తుడిచి, ఒప్పుకోనివాని చేతికి కూడ సరంజామా అప్పగించి, అప్పుడు "ఇది కనబడుతున్నది" అని పలకడం ఈ కాలపు సత్యవాక్యం.

గారడీవాడు ఆట ముగియగానే మూట కట్టుకొని వెళ్ళిపోతాడు, మూట విప్పి చూపమంటే చూపడు. కళ్ళకు కట్టేవాడికీ కనికట్టు చేసేవాడికీ నడుమ నాకు కనబడిన గీత ఇదొక్కటే: మూట విప్పడం.